30 మాత్రలు 45 రోజులు ఎలా వస్తున్నాయి? సుగరు మందు మానేసేవాళ్లని ఏమని అడగాలి

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి, మందుల షాపు)

అందరికీ నమస్కారం. మా కౌంటర్లో సుగరు మాత్రలు నెలనెలా కొనేవాళ్ల పుస్తకం ఒకటి ఉంది. పేరు, మందు, ఎన్ని మాత్రలు, ఏ తేదీ, అంతే. రోజుకొకటి చొప్పున 30 పట్టుకెళ్లిన మనిషి నెల తిరిగేసరికి రావాలి కదా. 45 రోజులకి వచ్చేవాళ్లు చాలామంది, రెండు నెలలకి వచ్చేవాళ్లూ ఉన్నారు. "ఇంకా అయిపోలేదా?" అంటే "మర్చిపోతున్నానండీ" అంటారు. అక్కడితో మాట ఆగిపోతుంది.

ఎక్కువగా పోయేవి మెట్‌ఫార్మిన్ 500, 1000 ఎస్సార్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం), గ్లిమెపిరైడ్‌తో కలిపిన మాత్రలు, ఈమధ్య డాపాగ్లిఫ్లోజిన్ 10. ఇన్సులిన్ తక్కువ.

నిజంగా మర్చిపోవడమేనా? వెనక నలుగురు నిలబడి ఉండగా రెండు నిమిషాల్లో ఏమడిగితే అసలు సంగతి చెప్తారు? షాపువాళ్లం ఎంతవరకు చెప్పొచ్చు, ఎక్కడ ఆగి డాక్టరు దగ్గరికి పంపాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

---

ఎన్‌సీడీ నర్సు (సుగరు, బీపీ లాంటి అంటుకోని జబ్బుల విభాగం, రాయగడ జిల్లా)

అన్నా, మీ పుస్తకం చాలా మంచి పనిముట్టు. ముందు దాని లెక్క చూద్దాం. 30 రోజుల మందు 45 రోజులు నడిచిందంటే మూడొంతుల్లో రెండొంతులే, అంటే 67 శాతం రోజులే మందు పడినట్టు. పరిశోధనల్లో మామూలుగా 80 శాతం దాటితే సరిగా వాడుతున్నట్టు లెక్కేస్తారు. 30 మాత్రలకి అది 37 రోజులు. ఆ గీత దాటినవాళ్ల పేరు పక్కన చిన్న చుక్క పెట్టండి. ఒక్కసారికే తేల్చెయ్యకండి, వరసగా మూడు కొనుగోళ్లు చూడండి.

ఈ లెక్కకి ఒక చిల్లు ఉంది. నది దాటితే ఆంధ్రా వైపు పాతపట్నం. అక్కడ డాక్టరు రాసిన మందు ఒక సంచిలో, మనవైపు ప్రభుత్వాసుపత్రిలో ఒడిశా మందుల పథకం నిరామయ కింద ఉచితంగా ఇచ్చిన మందు ఇంకో సంచిలో ఉంటాయి. రెండు పేర్లు, రెండు రంగులు, లోపల మందు ఒకటే. కొందరు ఒకటి అయ్యాక ఇంకోటి వాడతారు, వాళ్లు మీ పుస్తకంలో తప్పినట్టు కనిపిస్తారు గానీ తప్పలేదు. కొందరు రెండూ వేసుకుంటారు. గ్లిమెపిరైడ్ అలా రెండింతలు పడితే సుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకే నా మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, సగం అయిపోయినవి కూడా, సంచితో సహా తెండి. తేదీ దాటినవి ఏరి పెడతాను." తేదీలు నిజంగానే చూడాలి. చూస్తుంటే ఏ స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో మీకూ కనపడుతుంది, వాళ్లకీ కనపడుతుంది. ఎవరూ ఎవర్నీ నిలదీయక్కర్లేదు.

ఇక "మర్చిపోతున్నాను" అన్న మాట. అది ఎక్కువసార్లు మర్యాదకి చెప్పే జవాబు. మర్చిపోయామంటే ఎవరూ తిట్టరు, "నాకు భయమేసి మానేశాను" అంటే తిడతారు. మందు తప్పడం రెండు రకాలు. ఒకటి చేజారి తప్పేది, రెండోది ఆలోచించుకుని తప్పించేది. మర్చిపోయేవాళ్లకి వారం గళ్ల డబ్బా పనికొస్తుంది. భయపడి మానేసినవాళ్లకి డబ్బా ఇస్తే మాత్రలు డబ్బాలో మిగుల్తాయి. కాబట్టి ఏ రకమో తేల్చుకోకుండా సలహా చెప్పకండి.

అడిగే తీరు కూడా ముఖ్యం. "మందు వేసుకుంటున్నారా?" అంటే అందరూ అవుననే అంటారు. ఇలా అడగండి: "రోజూ మాత్ర మింగడం ఎవరికైనా విసుగేనమ్మా, చాలామందికి వారానికి ఒకటో రెండో తప్పుతాయి. ఈ ఏడు రోజుల్లో మీకెన్ని తప్పాయి?" తప్పడం మామూలే అని ముందు మీరు ఒప్పుకున్నారు కాబట్టి అంకె చెప్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ఇచ్చిన నివేదికలో, సంపన్న దేశాల్లోనే దీర్ఘకాల జబ్బులకి మందులు సరిగా వాడేవాళ్లు సగం మందేనని రాసింది. ఇది మన ఊరి జనం నిర్లక్ష్యమని అనుకోవడానికి లేదు.

అంకె చెప్పాక రెండో ప్రశ్న: "ఒంట్లో బాగున్నప్పుడు ఆపుతారా, బాగోలేనప్పుడు ఆపుతారా?" బాగున్నప్పుడు ఆపేవాళ్లకి మందు అవసరం అర్థం కాలేదు. సుగరు పెరిగినా నొప్పి ఉండదు కదా. బాగోలేనప్పుడు ఆపేవాళ్లు మందునే అనుమానిస్తున్నారు. ఇద్దరికీ చెప్పాల్సింది వేర్వేరు.

ఇంకోటి, వేళలు. చీటీ మీద 1-0-1 (పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి), "టిఫిను తర్వాత" అని ఉంటుంది. మన దగ్గర కూలికి వెళ్లే మనిషి ఆరింటికి టీలో గుప్పెడు మరమరాలు నంజుకుని పోతాడు, పఖాళో (చద్దన్నం) చోడంబలో పదకొండింటికి. అతనికి టిఫిను ఏది? ఆడవాళ్లయితే అందరికీ పెట్టాక తింటారు, పొద్దున్న గ్లిమెపిరైడ్ ఏడింటికి మింగి అన్నం పదకొండింటికి ముడతారు. మధ్యలో చెమట, దడ, కళ్లు తిరగడం. "ఈ మాత్ర నాకు పడదు" అని మానేస్తారు. ఇందులో మాత్ర తప్పు లేదు, వేళ కుదరలేదంతే. "మీరు మొదట కడుపునిండా తినేది ఎన్నింటికి?" అని అడిగి, ఆ గంట చీటీ మీద రాయండి, డాక్టరుకీ ఆ వేళే చెప్పమనండి.

రాయడం అన్నాను గానీ, చాలామంది పెద్దవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది ఒడియా. తెలుగు చదవలేరు, డబ్బా మీది ఇంగ్లీషూ చదవలేరు. ఓపీలో "ఖాయిబా ఆగరు" అంటే తినకముందు, "ఖాయిబా పరే" అంటే తిన్నాక. రెండూ ఒకే ఊపులో చెప్తే తిరగబడతాయి. స్ట్రిప్పు వెనక పెన్నుతో సూర్యుడు, చంద్రుడు, పక్కన కంచం బొమ్మ వెయ్యండి. కంచానికి ఎడమవైపు చుక్క పెడితే తినకముందు, కుడివైపు పెడితే తిన్నాక. తర్వాత "ఇంటికెళ్లి కోడలికి ఎలా చెప్తారో ఓసారి నాకు చెప్పండి" అనండి. తప్పు చెప్తే మన వివరణ చాలలేదని అర్థం.

---

ఓపీ డాక్టరు (బరంపురం)

నర్సు గారు మనుషుల వైపు బాగా రాశారు. మందుల వైపు నుంచి రాస్తాను, ఎందుకంటే భయాలు చాలావరకు ఒంట్లో జరిగిన ఏదో ఒక అనుభవంతోనే మొదలవుతాయి.

మెట్‌ఫార్మిన్‌ మానేయడానికి పెద్ద కారణం కడుపు. విరేచనాలు, ఉబ్బరం, నోట్లో లోహం రుచి. పొలంలోనో బస్సులోనో ఉండి మరుగుదొడ్డి దొరకని మనిషికి ఇది చిన్న ఇబ్బంది అనడం అన్యాయం. వాళ్లు ఊరికెళ్లే రోజున, పెళ్లికెళ్లే రోజున మానేస్తారు, తర్వాత అదే అలవాటవుతుంది. మొదటిరోజే 1000 రెండుపూటలా ఇస్తే ఇలాగే అవుతుంది. మామూలు పద్ధతి ఏమిటంటే రాత్రి భోజనం మధ్యలో 500తో మొదలు, వారం తర్వాత పొద్దున్న ఇంకో 500, ఆపైన వారానికో మెట్టు. అప్పటికీ పడకపోతే డాక్టరు ఎస్సార్‌కి మారుస్తారు. ఎస్సార్ మాత్ర నలపకూడదు, నమలకూడదు. దాని పొర ఒక్కోసారి మలంలో అలాగే కనపడుతుంది. "మాత్ర కరగడమే లేదు, పని చెయ్యట్లేదు" అని మానేసేవాళ్లున్నారు. మందు లోపల దిగిపోయి ఖాళీ గుల్ల బయటికొచ్చిందని ముందే చెప్తే ఆ భయం పుట్టదు.

"కిడ్నీలు పోతాయి" అనే భయానికి ఉత్త కొట్టిపారేత పనికిరాదు. అందులో ఒక పిసరు నిజం ఉంది. కిడ్నీ పనితనం ఇప్పటికే తగ్గినవాళ్లకి మెట్‌ఫార్మిన్ మోతాదు తగ్గించాలి. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో చెప్పే అంకె) 45 కన్నా తగ్గితే సగానికి దించడం, 30 కన్నా తగ్గితే ఆపడం. ఊళ్లో ఎవరికో డాక్టరు ఆపమన్నది విని "ఆ మందు వల్లే పోయాయి" అనుకుంటారు. కిడ్నీని పాడుచేసేది ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న సుగరు, బీపీ. "ఏడాదికోసారి క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) చూయించుకోండి, ఆ కాయితం మీ దగ్గరే పెట్టుకోండి" అని చెప్తే భయం ఒక పనిగా మారుతుంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బీ12 విటమిన్ కూడా అప్పుడప్పుడు చూయించుకోవాలి.

డాపాగ్లిఫ్లోజిన్ గురించి ఎవరూ నోరు విప్పరు. అది సుగరుని మూత్రంలో బయటికి పంపుతుంది. దాంతో మూత్రం ఎక్కువ, కొందరికి కింద దురద, తెల్లటి పొర. ఆడవాళ్లు మగ డాక్టరుకి చెప్పరు, షాపులో అసలే చెప్పరు. మాత్ర మానేస్తారు, దురద తగ్గుతుంది, ఇక జన్మలో దాన్ని ముట్టుకోరు. మందు ఇచ్చేటప్పుడే గొంతు తగ్గించి "ఈ మాత్రకి కొందరికి దురద వస్తుంది, రోజూ నీళ్లతో శుభ్రంగా కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు, వస్తే పూతమందు ఉంది, సిస్టరుకి చెప్పండి" అనేస్తే చాలు. అడిగేదాకా ఆగకండి.

పరీక్ష ముందు మూడు రోజులు శ్రద్ధగా వేసుకొచ్చేవాళ్ల పరగడుపు సుగరు బాగానే ఉంటుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 9 అంటుంది. ఈ తేడా చూపించి పట్టేశానన్నట్టు మాట్లాడితే మనిషి మళ్లీ రాడు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ ఉన్నవాళ్లున్నారు. సికిల్ సెల్, తలసీమియా, బాగా రక్తం తక్కువ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ తప్పు చూపొచ్చు. ఆ అంకె ఒక్కటే పట్టుకుని "మందు వేసుకోవట్లేదు" అని నింద వెయ్యకండి. వేలి చివర పరీక్ష వేర్వేరు వేళల్లో చేసి చూడాలి.

షాపు గీత ఎక్కడ అని అడిగారు. వేళ, తిండితో జత, తప్పిన మాత్ర సంగతి మీరు చెప్పొచ్చు. తప్పిన మాత్రకి రెండు కలిపి మింగకూడదు, తర్వాతి వేళ నుంచి మామూలుగా. తిండి మానేసిన పూట గ్లిమెపిరైడ్ వద్దు. మోతాదు పెంచడం తగ్గించడం, మందు మార్చడం డాక్టరు పని. ఈ ముగ్గుర్ని ఆలస్యం లేకుండా పంపండి: సుగరు 70 కన్నా తరచూ పడిపోతున్నవాళ్లు, వాంతులతో మందు నిలవనివాళ్లు, కారణం లేకుండా చిక్కిపోతున్నవాళ్లు.

---

వినేవాళ్లుంటే (కౌన్సెలింగ్, బరంపురం)

పై ఇద్దరూ చెప్పని ఒకటి కలుపుతాను. మందు మానేసినవాళ్లందరికీ తెలియక కాదు, కొందరికి అలసట. పదేళ్లుగా ప్రతి ముద్దా లెక్క, ప్రతి పరీక్షా తీర్పు. "ఎంత చేసినా అంకె తగ్గదు, ఎందుకీ గోల" అనే దశని డయాబెటిస్ డిస్ట్రెస్ అంటారు. మానసిక కుంగుబాటుతో కలిసి ఉండొచ్చు, విడిగానూ ఉండొచ్చు. కుంగుబాటు ఉందేమో చూడ్డానికి రెండు ప్రశ్నలున్నాయి. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా, ఆశ లేనట్టు ఉండడం ఎన్ని రోజులు? ఒక్కోదానికీ లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం పైన రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ పైన గానీ వస్తే డాక్టరుకి చూపించాలి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ) నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. కౌంటర్లో ఈ ప్రశ్నలు అడక్కండి, పక్కన కూర్చునే చోటుంటేనే. కార్డు మీద నంబరు రాసివ్వడం మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు.

ఇంట్లోవాళ్ల సంగతి. "నీకు సుగరు, నీకు పెట్టకూడదు" అని పంక్తిలో అందరి ముందు ఆకు మీంచి లడ్డూ తీసేస్తే ఆ మనిషి నేర్చుకునేది దాచుకుని తినడం, మాత్ర వేసుకున్నానని అబద్ధం చెప్పడం. పోలీసు కాపలాతో మందు పడదు. కొడుకూ కోడలూ అడగాల్సింది "వేసుకున్నావా?" అని కాదు. భోజనానికి పిలిచేటప్పుడే నీళ్ల గ్లాసు పక్కన మాత్ర పెట్టడం, పొద్దున్న అమ్మకి అన్నం ముందు వడ్డించడం, మాట కన్నా ఇవి పనిచేస్తాయి.

పెళ్లి కావాల్సిన ఆడపిల్లలు, కొత్త కోడళ్ల విషయం మరీ సున్నితం. జబ్బు బయటపడుతుందని అత్తారింట్లో మాత్రలు బీరువాలో దాస్తారు, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడే వేసుకోవాలి కాబట్టి సగం పూటలు కుదరదు. షాపులో "సుగరు మాత్రలేనా?" అని గట్టిగా అరిస్తే ఆ అమ్మాయి ఇక మీ షాపుకి రాదు. చీటీ చూసి మౌనంగా ఇవ్వండి, మందు పేరు కాగితం కవరులో కనపడకుండా. డాక్టరుని అడిగితే రెండు మాత్రలు ఒకటిగా కలిసినదో, రోజుకొక్కసారి వేసుకునేదో రాయడం కుదరొచ్చు. గర్భం ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి, మందులు మార్చాల్సి ఉంటుంది.

---

మహేంద్రతనయ గట్టు

చాలా మేలు చేశారు. కంచం బొమ్మ ఇవాళే మొదలుపెట్టాను. మూడు సంగతులు మిగిలాయి. కార్తీక సోమవారాలకీ మార్గశిర గురువారాలకీ పొద్దంతా ఉపవాసం ఉండి మందు పూర్తిగా ఆపేస్తున్నారు. మగవాళ్లు జీలుగు కల్లో ఇప్పసారానో తాగే రోజున "రెండూ కలవకూడదు" అని మాత్ర మానేస్తున్నారు. ఇన్సులిన్ రాయగానే చీటీ చింపేసేవాళ్లూ ఉన్నారు.

---

ఓపీ డాక్టరు (బరంపురం)

ఉపవాసం మానమని చెప్తే వినరు, మనకి చెప్పడం మానేస్తారు. పండగ నెలకి రెండు వారాల ముందే "ఈసారి సోమవారాలు ఉంటారా?" అని అడిగి డాక్టరు దగ్గరికి పంపండి. ఆరోజు మందు ఎలాగో రాయించుకోవాలి. సాధారణంగా మెట్‌ఫార్మిన్ రాత్రి నక్షత్రం చూసి తినే భోజనంతో వేసుకోవచ్చు. పొద్దుటి గ్లిమెపిరైడ్ ఆపమనో తగ్గించమనో చెప్తారు, డాపాగ్లిఫ్లోజిన్ మామూలుగా ఆపమంటారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు సొంతంగా ఏదీ చెయ్యకూడదు. సుగరు 70 కన్నా పడితే వ్రతం అక్కడితో వదిలి 15 గ్రాముల పంచదార, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్లీ పరీక్ష. మరుసటి రోజు నుంచి మందు మామూలుగా మొదలవ్వాలి. ఆ ఒక్క రోజు ఆపింది వారం సాగిపోవడం అన్నిటికన్నా ఎక్కువ జరిగేది, స్ట్రిప్పు మీద మంగళవారం గుర్తు వేసివ్వండి.

తాగుడు సంగతిలో వాళ్ల అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఖాళీ కడుపున తాగి గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వేసుకుంటే సుగరు రాత్రి నిద్రలో పడిపోవచ్చు, ఇంట్లోవాళ్లు మత్తు అనుకుని వదిలేస్తారు. మెట్‌ఫార్మిన్‌తో ఎక్కువ తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. తాగకపోవడమే మంచిదని ఒకసారి స్పష్టంగా చెప్పండి, ఆపైన వారానికి ఎన్ని రోజులు తాగుతారో కసురుకోకుండా అడగండి. వారానికి నాలుగు రోజులైతే నాలుగు రోజులు మందు లేనట్టే. అది డాక్టరుకి తెలిస్తే సుగరు పడిపోయే భయం తక్కువున్న మందుకి మార్చే వీలుంటుంది.

---

గుణుపూరు రైలు (డయాబెటిస్ ఎడ్యుకేటర్)

ఇన్సులిన్ గురించి. ఆ చీటీ చిరగడానికి బీజం ఎప్పుడో పడి ఉంటుంది. "మాట వినకపోతే ఇంజెక్షనే గతి" అని డాక్టర్లూ ఇంట్లోవాళ్లూ ఏళ్ల తరబడి బెదిరిస్తారు. తీరా అవసరమైన రోజున అది శిక్షలాగే కనపడుతుంది. బ్రిటన్‌లో 1977లో మొదలైన పెద్ద పరిశోధన యూకేపీడీఎస్‌లో తేలిందేమిటంటే, మందులు సరిగా వాడినవాళ్లలోనూ క్లోమం శక్తి ఏటేటా తగ్గుతూనే ఉంటుంది. కాబట్టి ఇన్సులిన్ దాకా రావడం మనిషి తప్పు అని ఎవరికీ చెప్పకండి, ఈ ఒక్క వాక్యం విని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లుంటారు.

సూది భయం చూపిస్తేనే పోతుంది. ఇన్సులిన్ పెన్నుకి బిగించే సూది 4 మిల్లీమీటర్లు. దాన్ని అరచేతిలో పెట్టి చూడనివ్వండి. ఎక్కువమంది మనసులో ఉన్నది ఆసుపత్రిలో పిర్రకి పొడిచే సూది.

మీ షాపులో ఖచ్చితంగా చూడాల్సింది సిరంజి. మన దగ్గర సీసాల్లో ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఎర్రమూత సిరంజి దానిది. నారింజ మూత సిరంజి 100 యూనిట్లది. 40ల సీసాకి నారింజ మూత సిరంజి ఇస్తే, 20 గీత దాకా తీసినా లోపలికెళ్లేది 8 యూనిట్లే. "ఇన్సులిన్ వేసుకున్నా తగ్గట్లేదు" అంటారు, నమ్మకం పోతుంది. 100లది ఎర్రమూత సిరంజిలో తీస్తే 20 గీతకి 50 యూనిట్లు వెళ్తాయి, ప్రాణం మీదికొస్తుంది. సీసా, సిరంజి ఒకే చేత్తో పట్టుకుని అంకెలు కలిపి చూసి ఇవ్వండి.

ఫ్రిజ్ లేదని ఇన్సులిన్ వద్దనేవాళ్లకి: వాడుతున్న సీసా ఎండ తగలని చల్లటి చోట దాదాపు 28 రోజులు ఉంటుంది. వేసవిలో మట్టికుండ చాలు. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, చిన్నదాంట్లో మూత పెట్టిన స్టీలు డబ్బాలో సీసా. ఇసుక పొద్దున్నా సాయంత్రం తడపాలి. సీసా నీళ్లలో ఉంచకూడదు, ఫ్రిజ్ ఉన్నవాళ్లు గడ్డకట్టే అరలో పెట్టకూడదు. గడ్డకట్టింది కరిగినా పారెయ్యాలి.

సూరత్ మగ్గాలకి వెళ్లే పిల్లలకి ఒక మాట అదనంగా చెప్పండి. రాత్రి షిఫ్టు వారం "పొద్దున్న, రాత్రి" అనే మాటలు పనికిరావు. "షిఫ్టుకి ముందు తినే అన్నంతో ఒకటి, దిగాక తినేదాంతో ఒకటి" అని రాయించుకోమనండి. ఇక్కడి నుంచి రెండు నెలల మందు, ఉప్పు పేరు (బ్రాండు కాదు, లోపలున్న అసలు మందు పేరు) స్పష్టంగా ఉన్న చీటీ ఫొటో ఫోన్లో. బ్రాండు పేరు అక్కడ దొరక్కపోయినా ఉప్పు పేరు, మిల్లీగ్రాములు చూపిస్తే జన్ ఔషధి షాపులో ఇస్తారు. మాత్ర రంగు మారుతుందని ముందే చెప్పి పంపండి.